షెడ్డులో మూలపడ్డ దాదా కారు.. ముందు చూడాల్సింది ఇంజన్ కాదు

నౌపడలో ఉప్పు మడుల మీదుగా వచ్చే గాలి ఇనుమును బతకనివ్వదు. అందుకే దాదా వాడి, పశువుల శాలలో వదిలేసిన అంబాసిడర్‌నో, ఫియట్ పద్మినినో మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవాళ్లు కొత్త బ్యాటరీ కొనే ముందు కారు కిందకి దూరి చూడాలి. ఈ రెండు బళ్లకీ లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, బరువంతా బాడీయే మోస్తుంది. ఫ్లోరు, తలుపుల కింది అంచులు, స్ప్రింగులు బిగించే చోట్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. లోపలికి దిగిపోతే వెల్డింగ్ ఖర్చు ముందే లెక్కేసుకోవాలి. పైన కొత్త పెయింటు వేయించేస్తే ఆ తుప్పు కనపడదు, అంతే.

బాడీ గట్టిగా ఉంటే అప్పుడు ఇంజన్. "ఓసారి తాళం తిప్పి చూద్దాం" అనే తొందర మంచి ఇంజన్‌ని కూడా పాడుచేస్తుంది. ఏళ్లుగా కదలని పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకి తుప్పుతో అతుక్కుపోతాయి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి రెండుమూడు రోజులు వదిలేయాలి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీని పానాతో మెల్లగా తిప్పాలి. కదిలితే అల్‌హమ్దులిల్లాహ్. కదలకపోతే బలం వాడకూడదు, ఇంకాస్త ఆయిల్ పోసి ఇంకొన్నాళ్లు ఆగాలి.

పాత పెట్రోలు జిగురైపోయి ఉంటుంది. ట్యాంకు, కార్బురేటర్ కడగాల్సిందే. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు పైపుల్ని తినేస్తుంది కాబట్టి అవీ మార్చాలి. బ్రేకు ఆయిల్ తేమని పీల్చుకుంటుంది, సిలిండర్లు లోపల తుప్పుపడతాయి. బ్రేకులు పట్టనంతవరకూ కారు గుమ్మం దాటకూడదు. టైర్ల గాడులు బాగున్నా రబ్బరు ఎండిపోయి ఉంటుంది, నమ్మొద్దు.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపురంగు రోల్స్‌రాయిస్ చూసినవాళ్లకి ఇలాంటి ఆశ పుడుతుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన కారు అది. 1911లో ఆయన ఇంతెకాల్ అయ్యాక ఉస్మాన్ అలీ ఖాన్‌కి చేరింది. కాకపోతే అది ప్రదర్శన బండి, రోజూ బజారుకి వెళ్లేది కాదు.

2021 రూల్స్ కూడా ఈ తేడానే చూస్తాయి. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కారుని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించొచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో 'వీఏ' అని వస్తుంది. కానీ ర్యాలీలకి, ప్రదర్శనలకే తప్ప మామూలుగా తిప్పడానికి వీల్లేదు.

ఆర్సీ ఇంకా దాదా పేరునే ఉంటే ఫారం 31తో వారసుల పేరుకి మార్చుకోవాలి. కారు కూడా విరాసత్‌లో భాగమే, ఫుఫ్ఫూలకీ వాటా ఉంటుంది. మెకానిక్‌కి అడ్వాన్సు ఇచ్చే ముందే వాళ్లని కూర్చోబెట్టి అడగడం మంచిది. బాగుచేయించాక కారు విలువ పెరుగుతుంది, గొడవా అప్పుడే మొదలవుతుంది.