టైరు పక్కన తిరిగిన పవర్ హౌస్

కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్ ఉన్నది పాల్వంచలో. అక్కడివాళ్లకు అది కేటీపీఎస్. మొదటి యూనిట్ 1966లో కరెంటు ఇచ్చింది. 2018 డిసెంబరులో మొదలైన ఏడో దశ యూనిట్ సామర్థ్యం 800 మెగావాట్లు. దాని జనరేటర్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. సైకిల్ డైనమో ఇచ్చేది 3 వాట్లు. ఆ ఒక్క యూనిట్‌కు సమానం కావాలంటే 26 కోట్లకు పైగా డైనమోలు కావాలి. అయినా రెండింటిలో జరిగే పని ఒక్కటే. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుంది. 1831లో లండన్‌లో మైకేల్ ఫారడే ఈ సంగతి కనిపెట్టాడు. బొగ్గు మండించి ఆవిరితో తిప్పితే అది పవర్ హౌస్, మనిషి తొక్కి తిప్పితే సైకిల్ డైనమో.

డైనమో రాకముందు సైకిల్‌కు మొదట నూనె దీపాలే ఉండేవి. ముందు చక్రం మనిషి ఎత్తున ఉండే పాత సైకిళ్లకు ఇరుసు దగ్గర, చువ్వల మధ్యన దీపం వేలాడదీసేవాళ్లు. దారి కుదుపులకు అది మాటిమాటికీ ఆరిపోయేది. 19వ శతాబ్దం చివర్లో కార్బైడ్ దీపం వచ్చింది. పై అరలో నీళ్లు, కింది అరలో కాల్షియం కార్బైడ్ గడ్డలు. చుక్కచుక్కగా నీళ్లు పడితే ఎసిటిలీన్ వాయువు పుట్టి తెల్లగా మండేది. మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడగా తర్వాత నిషేధానికి గురైన కార్బైడ్ ఇదే. వెల్లుల్లిని తలపించే దాని ఘాటు పాత పండ్ల వ్యాపారులకు బాగా తెలుసు. వెలుగు బాగానే ఉండేది గాని, రోజూ మిగిలిన సున్నం దులపాలి, గడ్డలు మార్చాలి, నీళ్లు పోయాలి.

ఆ పనులన్నీ తప్పించింది డైనమో. జర్మనీలోని బాష్ కంపెనీ 1923లో సైకిల్ లైట్ల సెట్టును అమ్మకానికి తెచ్చింది. ఇంగ్లండ్‌లో స్టర్మీ ఆర్చర్ కంపెనీ 1936లో డైనమోను ఏకంగా చక్రం ఇరుసులోనే అమర్చింది. మన ఊళ్లకు ఎక్కువగా వచ్చింది మాత్రం సీసా ఆకారపు డైనమో. మీట నొక్కితే స్ప్రింగు తోసి, దాని తల మీది గరుకు చక్రం టైరు పక్కకు ఆనుకుంటుంది. టైరు తిరిగితే అదీ తిరుగుతుంది, లోపల అయస్కాంతం తిరుగుతుంది. తీగచుట్ట కదలదు.

ఇందులో మెచ్చుకోవలసిన తెలివి ఒకటుంది. వేగం పెరిగితే కరెంటు కూడా పెరుగుతూ పోయి బల్బు మాడిపోవాలి కదా? అలా జరగదు. అయస్కాంతం వేగంగా తిరిగేకొద్దీ కరెంటు దిశ మారే వేగమూ పెరుగుతుంది. అది పెరిగేకొద్దీ తీగచుట్ట ఆ ప్రవాహానికి ఎక్కువగా అడ్డుపడుతుంది. పుట్టించేదీ తానే, అదుపు చేసేదీ తానే కావడంతో కరెంటు సుమారు అర ఆంపియర్ దగ్గర నిలబడుతుంది. ఏ ఎలక్ట్రానిక్ పరికరమూ లేని రోజుల్లో ఒక తీగచుట్ట ఈ పని చేసింది.

లోపాలూ లేకపోలేదు. డైనమో నుంచి లైటుకు ఒక్క వైరే వెళ్లేది. తిరుగు దారి సైకిల్ ఫ్రేమే. బిగింపు కింద పెయింటో తుప్పో అడ్డుపడితే లైటు వెలగదు. మెకానిక్ స్క్రూ విప్పి అక్కడ గీకగానే వెలిగేది. వెనక బల్బు పోతే దాని వాటా కరెంటు కూడా ముందు బల్బుకే చేరి అదీ పోయేది. వానలో టైరు తడిస్తే డైనమో జారేది. తొక్కేవాడి కాళ్ల మీద బరువు సరేసరి. మూడు వాట్ల వెలుగు కోసం పాత రకం డైనమో అంతకు రెండు మూడు రెట్ల శక్తిని కాళ్ల నుంచి లాగేది. అన్నిటికంటే పెద్ద లోపం, సైకిల్ ఆగితే లైటు ఆరిపోవడం. లారీకి దారి ఇవ్వడానికి రోడ్డు అంచున ఆగిన మనిషి, సరిగ్గా కనిపించవలసిన క్షణంలోనే చీకట్లో కలిసిపోయేవాడు.

పాల్వంచ లాంటి చోట ఇది చిన్న విషయం కాదు. విజయవాడ వైపు నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాటి జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి ఇదే. బొగ్గు లారీలు, బూడిద ట్యాంకర్లు, భద్రాద్రి యాత్రికుల బస్సులు దీని మీదే తిరుగుతాయి. ఊరు దాటితే చాలా దూరం అడవి, వీధి దీపాలుండవు. కరెంటు పుట్టే ఊరి పొలిమేర దాటగానే రోడ్డు మీద చీకటి. పవర్ హౌస్‌లోనూ, పక్కన సింగరేణి గనుల్లోనూ రాత్రి షిఫ్టులున్నాయి. గనిలో దిగే కార్మికుడు టోపీ మీద లైటు లేకుండా దిగడానికి వీల్లేదు, ల్యాంప్ రూములో తీసుకుని వెళ్లాలి, పైకొచ్చాక అప్పజెప్పాలి. అదే మనిషి షిఫ్టు దిగి సైకిలెక్కితే, లైటు లేదేమని అడిగేవాళ్లు లేరు. భూమి లోపల ఉన్నంత జాగ్రత్త భూమి పైన కూడా ఉండాలని కోరడంలో అత్యాశ ఏముంది?

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. డ్రైవరు చూసి, గుర్తించి, బ్రేకు మీద కాలు పెట్టేలోపు 25 మీటర్లు పోతుంది. బండి ఆగడానికి మరో 20, 25 మీటర్లు. లోడు లారీకి ఇంకా ఎక్కువ. ఎదురు బండి హై బీమ్ కళ్లలో కొడితే ఆ తర్వాత కొన్ని సెకన్లు డ్రైవరుకు దాదాపు ఏమీ కనిపించదు. అందుకే సైకిల్ లైటు అసలు పని దారి చూపించడం కాదు, అది ఎదుటివాడి కళ్ల కోసం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన సైకిలిస్టులు నాలుగు వేలకు పైనే.

మరి ఎలా కనిపించాలి? ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ పరిశోధకులు రాత్రిపూట ట్రాఫిక్ లేని ట్రాక్ మీద డ్రైవర్లతో పరీక్ష చేసి 2012లో ఫలితాలు ప్రచురించారు. నల్ల బట్టల్లో ఉన్న సైకిలిస్టును గుర్తించింది 2 శాతం సార్లే. మెరిసే ఫ్లోరసెంట్ జాకెట్ వేసినా 15 శాతమే. ఫ్లోరసెంట్ రంగు మెరవడానికి ఎండలోని అతినీలలోహిత కిరణాలు కావాలి, రాత్రి అవి ఉండవు. వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపే రిఫ్లెక్టివ్ జాకెట్‌తో 50 శాతం. దానికి తోడు మోకాళ్లకు, చీలమండలకు రిఫ్లెక్టివ్ పట్టీలు కట్టుకుంటే 90 శాతం! కదిలే కాళ్లను చూడగానే అక్కడున్నది మనిషని మన మెదడు పోల్చుకుంటుంది. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ 1973లోనే ఈ సంగతి చూపించాడు. కీళ్ల దగ్గర వెలుగు చుక్కలు మాత్రమే కనిపించేలా మనుషులను చీకట్లో నడిపిస్తే, చూసేవాళ్లు అది నడకేనని ఇట్టే పసిగట్టారు. ఒంటరి లైటు చుక్క మాత్రం దూరాన ఉన్న మోటార్ సైకిలో, దగ్గరలోని సైకిలో చెప్పదు.

పెడల్‌కు పసుపు రిఫ్లెక్టర్లు బిగించడంలో ఉన్న మర్మం ఇదే. అవి ఊరికే మెరవవు, పైకీ కిందికీ ఆడుతూ మెరుస్తాయి. రిఫ్లెక్టర్ ప్లాస్టిక్ వెనక చిన్న చిన్న మూలలుంటాయి, మూడు తలాలు లంబంగా కలిసే మూలలు. వెలుగు ఎటు నుంచి వచ్చినా వాటిలో తగిలి అటే తిరిగి వెళ్తుంది. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద ఇలాంటి 100 మూలల పలకను పెట్టి వచ్చారు. భూమి నుంచి పంపిన లేజర్ దాని మీద పడి ఇప్పటికీ తిరిగొస్తుంది. కాకపోతే రిఫ్లెక్టర్‌కు సొంత వెలుగు లేదు. హెడ్‌లైటు తన మీద పడితేనే పని చేస్తుంది. పక్క రోడ్డు నుంచి వచ్చే బండికి కనిపించదు.

అందుకే లైటూ కావాలి, రిఫ్లెక్టరూ కావాలి. 1990లలో తెల్ల ఎల్‌ఈడీ వచ్చాక డైనమో పాత కష్టాలు చాలావరకు తీరాయి. అవే మూడు వాట్లతో పాత ఫిలమెంట్ బల్బు కంటే ఎన్నో రెట్ల వెలుగు. కెపాసిటర్ ఒకటి పెడితే సైకిల్ ఆగినా కొన్ని నిమిషాలు ఆరదు. డెన్మార్క్‌లోని ఓడెన్సేలో 2004–05లో 3,845 మంది సైకిలిస్టులతో ఒక పరీక్ష జరిగింది. వారిలో 1,845 మంది సైకిళ్లకు చువ్వల మీద అయస్కాంతాలు, ఫ్రేమ్ మీద తీగచుట్ట, ఎల్‌ఈడీ అమర్చారు. బ్యాటరీ లేదు, స్విచ్చి లేదు. పగలూ రాత్రీ తొక్కినంతసేపూ వెలుగుతుంది. ఏడాది తిరిగేసరికి గాయపడే ప్రమాదాలు మిగతావాళ్లతో పోలిస్తే వీళ్లకు 19 శాతం తక్కువగా జరిగాయి. ఛార్జింగ్ మరిచిపోయే భయం లేకపోవడమే దీని బలం. అలసి ఇంటికి వెళ్లే మనిషి రోజూ గుర్తుంచుకోవాల్సిన పరికరం ఏదో ఒక రోజు మోసం చేస్తుంది.

మన దేశంలో 2020లో కేంద్రం ఉత్తర్వు తెచ్చి సైకిల్ రిఫ్లెక్టర్లకు నాణ్యతా ప్రమాణాలను తప్పనిసరి చేసింది. ఇది మంచి పని. లైటు మాత్రం ఇంకా కొనేవాళ్ల ఇష్టానికే వదిలేశారు. అది కూడా సైకిల్‌తో పాటే బిగించి రావాలి. ఇక ఊళ్లలో తిరిగే పాత సైకిళ్లకు లారీల వెనక అంటించే రిఫ్లెక్టివ్ టేపు చాలు. ఎర్రది వెనక మడ్‌గార్డుకు, తెల్లది ముందు ఫోర్కుకు, పసుపుది రెండు పెడల్ క్రాంకులకు అంటించాలి. బొగ్గు దుమ్ము, బూడిద పేరుకుంటే టేపు మెరవదు కాబట్టి పాల్వంచలో దాన్ని తరచూ తడిగుడ్డతో తుడవాలి. సైకిల్ షాపులో దొరక్కపోతే లారీల విడిభాగాలు అమ్మే దుకాణంలో అడగవచ్చు.