మోనాలో 33 మంది

1948లో జమైకాలోని కింగ్‌స్టన్ రేవు నుంచి బయల్దేరిన ఓడ ఒకటి చరిత్రకెక్కింది. దాని పేరు ఎంపైర్ విండ్‌రష్. బతుకుదెరువు వెతుక్కుంటూ బయల్దేరిన వందలాది వెస్టిండియన్లను ఆ ఓడ జూన్ 22న లండన్ దగ్గర టిల్బరీ రేవులో దింపింది. బ్రిటన్‌లో నల్లజాతి వలసల కథ ఎవరు చెప్పినా అక్కడి నుంచే మొదలుపెడతారు. అదే సంవత్సరం అక్టోబర్‌లో అదే కింగ్‌స్టన్ శివార్లలోని మోనా అనే చోట 33 మంది యువతీయువకులు పెట్టెబేడాతో దిగారు. ఇంగ్లండ్‌కు పోకుండా సొంత గడ్డ మీదే డాక్టరీ చదవాలని వచ్చినవాళ్లు వీళ్లు. ఈ రెండో ప్రయాణాన్ని పత్రికలు అంతగా పట్టించుకోలేదు గానీ, కరీబియన్ దీవుల తలరాత మార్చడంలో దీని పాత్ర తక్కువేమీ కాదు.

ఆ 33 మందిలో 23 మంది అబ్బాయిలు, 10 మంది అమ్మాయిలు. వెస్టిండీస్ యూనివర్సిటీ కాలేజీకి వాళ్లే తొలి బ్యాచ్. ఆ రోజుల్లో వైద్యవిద్యలో ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు ఆడపిల్ల కావడం చాలా పెద్ద దేశాల్లో కూడా కనిపించేది కాదు.

బ్రిటన్ ఈ దీవులను 300 ఏళ్ల పాటు చెరకు తోటలుగా వాడుకుంది. ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చింది. బానిసత్వం రద్దయ్యాక మన దేశం నుంచి ఒప్పంద కూలీలను తరలించింది. కలకత్తా రేవు నుంచి వెళ్లినవారే ఎక్కువ. మద్రాసు రేవు నుంచి వెళ్లినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. ఇంత చేసిన దొరలకు అక్కడొక విశ్వవిద్యాలయం పెట్టాలని మాత్రం తోచలేదు. బార్బడోస్‌లోని కోడ్రింగ్టన్ కాలేజీ 1875 నుంచి ఇంగ్లండ్‌లోని డరమ్ యూనివర్సిటీ పేరు మీద డిగ్రీలు ఇచ్చేది. అదీ ప్రధానంగా క్రైస్తవ మతబోధకులను తయారుచేసే కాలేజీ. ట్రినిడాడ్‌లో 1920ల్లో వ్యవసాయ కాలేజీ ఒకటి వచ్చింది. అంతకుమించి చదవాలంటే సముద్రం దాటాల్సిందే.

దాటడానికి దారి మహా ఇరుకు. ఒక్కో దీవి ప్రభుత్వం ఏడాదికి ఒకరికో ఇద్దరికో స్కాలర్‌షిప్ ఇచ్చేది. సెయింట్ లూసియా దీవికి చెందిన ఆర్థర్ లూయిస్‌కు అలా లండన్ చదువు దక్కింది. ఆయనకు ఇంజినీరు కావాలని ఉండేది. నల్లవాడిని ఇంజినీరుగా ప్రభుత్వమూ తీసుకోదు, తెల్లవారి కంపెనీలూ తీసుకోవు కాబట్టి మరో చదువు చూసుకున్నాడు. ఆ మరో చదువు అర్థశాస్త్రం. 1979లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. వివక్ష కూడా ఒక్కోసారి దారి చూపిస్తుందని ఎవరైనా మురిసిపోతే, ఇంజినీర్లు కాలేక, మరే దారీ దొరక్క మిగిలిపోయినవాళ్ల లెక్క కూడా అడగాలి.

1930ల్లో దీవులన్నీ అట్టుడికాయి. ట్రినిడాడ్‌లో చమురు కార్మికులు, జమైకాలో చక్కెర మిల్లు కూలీలు సమ్మెలకు దిగారు, కాల్పులు జరిగాయి. వలస పాలన ఇలాగే సాగదని లండన్‌కు అర్థమైంది. 1943లో అస్క్విత్ కమిషన్ వేశారు. వలస దేశాల్లో ఉన్నత విద్య ఎలా ఉండాలో చెప్పడం దాని పని. వెస్టిండీస్ సంగతి చూడటానికి దాని కింద సర్ జేమ్స్ ఇర్విన్ అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. ఇర్విన్ స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ అధిపతి. రసాయన శాస్త్రంలో ఆయన పేరు తెచ్చుకున్నది చక్కెరల మీద పరిశోధనతోనే. చక్కెర దీవులకు చదువు ఎలా చెప్పాలో తేల్చడానికి చక్కెర శాస్త్రవేత్తనే పంపడం యాదృచ్ఛికమే అయినా సరదాగానే ఉంది.

దీవికో కాలేజీనా, అందరికీ కలిపి ఒకటా? కమిటీ ముందున్న చిక్కుప్రశ్న ఇదే. ఒక్కటే చాలు, అది జమైకాలో ఉండాలి, విద్యార్థులంతా అక్కడే హాస్టళ్లలో ఉండాలి, వైద్యంతో మొదలుపెట్టాలి అని కమిటీ తేల్చింది. డిగ్రీ పట్టాలు మాత్రం లండన్ యూనివర్సిటీ ఇస్తుంది. కట్టడాల ఖర్చు బ్రిటన్ పెట్టుకుంటుంది, నడిపే ఖర్చుకు దీవుల ప్రభుత్వాలు వాటాలు వేసుకుంటాయి. ట్రినిడాడ్‌కూ జమైకాకూ మధ్య వెయ్యి మైళ్లకు పైగా సముద్రం ఉంది. అలాంటి ప్రాంతానికంతటికీ ఒకే కాలేజీ అనడం సాహసమే.

మోనా కూడా ఒకప్పటి చెరకు తోటే. దూరం నుంచి నీళ్లు తెచ్చిన రాతి కాలువ శిథిలాలు ఇప్పటికీ క్యాంపస్ మధ్యలో కనిపిస్తాయి. ఆరు వందల ఎకరాలకు పైగా స్థలం ఉందన్న మాటేగానీ, 1948 నాటికి కొత్త భవనాలు లేవు. ఉన్నవి చెక్క షెడ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో జిబ్రాల్టర్ నుంచి ఖాళీ చేయించిన దాదాపు 1,500 మంది పౌరులకు 1940లో అక్కడ ఆశ్రయం ఇచ్చారు. తర్వాత నాజీల నుంచి తప్పించుకొచ్చిన యూదులు కొందరు కూడా అక్కడే తలదాచుకున్నారు. జిబ్రాల్టర్ క్యాంపు అనే పేరు అలా వచ్చింది. శరణార్థులు వెళ్లిపోయాక మిగిలిన ఆ షెడ్లే తరగతి గదులు, ప్రయోగశాలలు, హాస్టళ్లు, భోజనశాల అయ్యాయి.

తొలి ప్రిన్సిపాల్ థామస్ టేలర్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన రసాయన శాస్త్రవేత్త. రిజిస్ట్రార్ హ్యూ స్ప్రింగర్‌ది బార్బడోస్, బయటి జనానికి చదువు చెప్పే శాఖ చూసిన ఫిలిప్ షెర్లాక్‌ది జమైకా. ఈ ఇద్దరూ ఇర్విన్ కమిటీలో సభ్యులుగా ఉండి, తాము సిఫారసు చేసిన పనిని తామే నెత్తికెత్తుకున్నారు. షెర్లాక్ శాఖ 33 మంది రాకముందే పని మొదలుపెట్టింది. దీవుల్లో ట్యూటర్లను నియమించి, సాయంత్రం తరగతులు పెట్టించింది. మోనాకు రాలేని బడిపంతులుకూ గుమాస్తాకూ విశ్వవిద్యాలయం అంటే ఆ తరగతులే. తొలి ఏడాది ఎదుగుదలను మోనా హాజరుపట్టీలోనే వెతికితే ఈ సగం కనిపించకుండా పోతుంది.

షెడ్లలో చదువైనా మర్యాదలకు లోటు రానివ్వలేదు. విద్యార్థులు ఎర్రటి గౌన్లు తొడుక్కుని పాఠాలకు వెళ్లాలి. ఆ గౌన్ల సంప్రదాయం స్కాట్లండ్ చలిలో పుట్టింది. కరీబియన్ ఉక్కపోతలో అది ఎలా ఉంటుందో మే నెలలో స్నాతకోత్సవం గౌను వేసుకున్నవారెవరైనా ఊహించుకోగలరు. వేషం స్కాట్లండ్‌ది, సిలబస్ లండన్‌ది. మొదటి ఏడాదంతా భౌతిక, రసాయన, జీవశాస్త్రాల పునాదులతోనే సరిపోయింది. బోధనాసుపత్రి ఇంకా కాగితాల మీదే ఉంది.

ఆ ఏడాది అసలు విశేషం విద్యార్థుల మధ్యే జరిగింది. జమైకా పిల్లలకు బార్బడోస్ అంటే క్రికెట్ స్కోరులో కనిపించే పేరు మాత్రమే. ట్రినిడాడ్ వాళ్ల యాస గయానా వాళ్లకు వింత. దీవి నుంచి దీవికి వెళ్లడం కంటే లండన్ వెళ్లడమే చాలాచోట్ల సులువుగా ఉండే కాలమది. అంతకుముందు తరం వెస్టిండియన్లు ఒకరినొకరు కలుసుకున్నది చలి లండన్ అద్దెగదుల్లోనే. సొంత ప్రాంతంలోనే రోజూ ఒకే బల్ల దగ్గర భోంచేసే అవకాశం ముందుగా ఈ 33 మందికి దొరికింది.

1949 జనవరిలో రాజశాసనం వచ్చింది. అక్టోబర్‌లో సైన్సు విద్యార్థులు, 1950లో ఆర్ట్స్ విద్యార్థులు చేరారు. విక్టోరియా రాణి మనవరాలు ప్రిన్సెస్ ఆలిస్ తొలి ఛాన్సలర్. ఇంగ్లండ్‌కు చెందిన నార్మన్ అండ్ డాబార్న్ సంస్థ గాలి బాగా ఆడేలా కొత్త భవనాలకు నమూనాలు గీసింది. ఆర్ట్స్ తొలి బ్యాచ్‌లో సెయింట్ లూసియా నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడు డెరెక్ వాల్కాట్ ఉన్నాడు. 1992లో సాహిత్య నోబెల్ ఆయనకే వచ్చింది. 1950లోనే చరిత్ర శాఖలో అధ్యాపకురాలిగా చేరిన గయానా వనిత ఎల్సా గోవియా తర్వాత ఆ విశ్వవిద్యాలయంలో తొలి మహిళా ప్రొఫెసర్ అయ్యారు. 1951 ఆగస్టులో హరికేన్ చార్లీ జమైకాను కుదిపేసింది. కట్టడాలు ఆగి మళ్లీ సాగాయి. మొదటి డాక్టర్లు 1954లో బయటికొచ్చారు.

అదే సంవత్సరం వచ్చిన మరో ఫలితం మన పాఠకులకు ఆసక్తి కలిగించేది. జమైకాలో చలికాలం వస్తే పేద పిల్లలు వాంతులు చేసుకుని, ఫిట్స్ వచ్చి, గంటల్లో చనిపోయేవారు. ఎన్నో దశాబ్దాలుగా జనం దాన్ని వాంతుల జబ్బు అనేవారు. ఆ దేశంలో పుట్టి, పిల్లల పోషకాహార లోపానికి క్వాషియోర్కర్ అనే పేరును వైద్యలోకానికి పరిచయం చేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1950ల మొదట్లో ఆ జబ్బు పరిశోధనకు నాయకత్వం వహించారు. మోనా రసాయన శాఖలో సెడ్రిక్ హసాల్, కెన్నెత్ రేల్ అకీ అనే పండు నుంచి హైపోగ్లైసిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఒంట్లో చక్కెరను ఒక్కసారిగా పడగొట్టే విషమది. అకీ జమైకన్లకు ఇష్టమైన తిండి. చెట్టు మీదే పగిలి విచ్చుకున్న పండు తింటే ఏమీ కాదు. పచ్చిది కోసుకుని తినే ఆకలి పిల్లలే బలయ్యేవారు.

అకీ, లిచీ, మన కుంకుడు మూడూ ఒకే వృక్ష కుటుంబం. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో వేసవి రాగానే పిల్లల ప్రాణాలు తీసే మెదడువాపు లాంటి జబ్బుకు, రాత్రి అన్నం తినకుండా తోటల్లో లిచీ పళ్లు తినడానికి సంబంధం ఉందని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. వాళ్లు వెతికి పట్టుకున్న విషాల్లో మోనా రసాయన శాఖలో దొరికిన హైపోగ్లైసిన్ ఒకటి. 1950ల మధ్యలో జాన్ వాటర్లో మోనాలోనే పిల్లల పోషకాహార లోపంపై పరిశోధన విభాగం పెట్టారు. బాగా చిక్కిపోయిన బిడ్డకు మొదట్లోనే కడుపునిండా పెడితే ప్రమాదమని, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలని ఆ విభాగం పని నేర్పింది. ఇంచుమించు అదే కాలంలో, 1958లో, కూనూరు నుంచి హైదరాబాద్‌కు మారిన పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్ బృందం ఇదే సమస్యతో కుస్తీ పడుతోంది.

విమర్శలు లేకపోలేదు. ట్రినిడాడ్ చరిత్రకారుడు, తర్వాత ఆ దేశ తొలి ప్రధాని ఎరిక్ విలియమ్స్ 1950లోనే పుస్తకం రాసి ఇంగ్లండ్ నకలు మనకెందుకని నిలదీశారు. ఆయన కోపంలో న్యాయముంది. దాదాపు 30 లక్షల జనాభా ఉన్న ప్రాంతానికి ఉన్న ఒక్క కాలేజీలో 1950ల చివరికి కూడా వెయ్యిమంది విద్యార్థులు లేరు. హాస్టల్ సీట్లను బట్టే చదువు సీట్లు అన్న నియమం దాన్ని కొద్దిమంది సొత్తుగా ఉంచింది. ఆ తాళం మెల్లగా తెరుచుకుంది. 1960లో ట్రినిడాడ్ వ్యవసాయ కాలేజీ రెండో క్యాంపస్ అయింది. 1962లో లండన్‌తో ముడి తెగి సొంత డిగ్రీలు వచ్చాయి, తొలి వైస్ ఛాన్సలర్ ఆర్థర్ లూయిస్. 1963లో బార్బడోస్‌లో రేవు పక్క ప్రదర్శనశాల షెడ్లలో 118 మందితో మూడో క్యాంపస్ మొదలైంది. అది తర్వాత కేవ్ హిల్ కొండకు మారింది.

ఆ నడుమ రాజకీయం మాత్రం విఫలమైంది. దీవులు కలిసి 1958లో పెట్టుకున్న వెస్టిండీస్ సమాఖ్య నాలుగేళ్లకే కూలింది. మిగిలిన ఉమ్మడి ఆస్తుల్లో ముఖ్యమైనవి రెండు: క్రికెట్ జట్టు, విశ్వవిద్యాలయం. గయానా మాత్రం ఈ ఉమ్మడి విశ్వవిద్యాలయాన్ని వదిలేసి, ఛెడ్డీ జగన్ పూనికతో 1963లో సొంతది పెట్టుకుంది. హైస్కూల్ గదుల్లో సాయంత్రాలు నడిచే ఆ తరగతులను ప్రత్యర్థులు జగన్ రాత్రిబడి అని వెక్కిరించారు. ఆ వెక్కిరింతను తట్టుకుని అదీ నిలబడింది.

క్రికెట్టూ చదువూ ఒకే మనిషిలో కలిసిన సందర్భం కూడా ఉంది. వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ మోనాలో ఇర్విన్ హాల్ వార్డెన్‌గా పనిచేశాడు. 1962లో బార్బడోస్‌లో మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు బంతి తగిలి ప్రాణాపాయంలో పడ్డప్పుడు రక్తం ఇవ్వడానికి ముందుకొచ్చినవాళ్లలో ఆయన ఒకడు. 1967లో 42 ఏళ్లకే క్యాన్సర్‌తో మోనా ఆసుపత్రిలో కన్నుమూశాడు. సమాధి కేవ్ హిల్ క్యాంపస్‌లో ఉంది.

కరీబియన్ మెడిసిన్ అనగానే తెలుగు తల్లిదండ్రులకు గుర్తొచ్చేది ఏజెంట్ల ప్రకటనలే. ఇక్కడొక తేడా చెప్పుకోవాలి. 1970ల చివరి నుంచి వచ్చిన ప్రైవేటు వైద్య కళాశాలలు ఎక్కువగా అమెరికా సీటు దొరకనివారి కోసం పెట్టినవి. వెస్టిండీస్ విశ్వవిద్యాలయం ఆ దీవుల ప్రభుత్వాలు పన్నుల డబ్బుతో నడుపుతున్నది. విదేశీ డిగ్రీతో మన దేశంలో వైద్యం చేయాలంటే 54 నెలల చదువు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆ దేశంలో వైద్యం చేసే అర్హత ఉండాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. ఫీజు కట్టే ముందు ఈ మూడూ అడిగి తెలుసుకోవాలి.

2019లో ఆంటిగ్వాలో ఫైవ్ ఐలండ్స్ క్యాంపస్ తెరుచుకుంది. లక్షకు అటూ ఇటూగా జనాభా ఉన్న దేశమది. హైస్కూల్ కోసం కట్టిన భవనాలను ప్రభుత్వం దానికి అప్పగించింది. మొదటి విద్యాసంవత్సరం పూర్తికాకముందే, 2020 మార్చిలో కరోనా వచ్చి పాఠాలు ఆన్‌లైన్‌కు మారాయి. క్యాంపస్ మాత్రం మూతపడలేదు. ఒక్కచోటే చాలన్న ఇర్విన్ కమిటీ లెక్క తప్పింది, ఒక్క విశ్వవిద్యాలయం చాలన్న లెక్క మాత్రం చాలావరకు నిలిచింది. ఇప్పుడు వెస్టిండీస్ విశ్వవిద్యాలయానికి ఆన్‌లైన్ క్యాంపస్‌తో కలిపి ఐదు క్యాంపస్‌లున్నాయి, విద్యార్థులు 50 వేలకు దగ్గరగా ఉన్నారు.