అమ్మతో కార్క్ కౌంటీలో మూడు రోజులు

ఐర్లాండ్‌లో ఉండే తెలుగువాళ్ళింటికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే, చూపించే చోట్లు దాదాపు అందరికీ ఒకటే. మొదటి వారం డబ్లిన్, తర్వాత క్లిఫ్స్ ఆఫ్ మోహర్, ఓపికుంటే ఉత్తరాన జెయింట్స్ కాజ్‌వే. ఫొటోలు కూడా ఒకేలా ఉంటాయి. అదే గాలి, అదే ఎగిరే చీర కొంగు, చీర మీద అల్లుడిగారి రెయిన్ జాకెట్! మేమూ అంతే చేశాం. మా అమ్మ కాకినాడ నుంచి వచ్చిన నెలన్నరకే అవన్నీ అయిపోయాయి. ఆగస్టు మొదటి సోమవారం ఇక్కడ సెలవు కదా, ఆ లాంగ్ వీకెండ్‌కి "ఈసారి కార్క్ వెళ్దాం" అన్నారు మావారు. నిజం చెప్పాలంటే నాకు పెద్ద ఆసక్తి లేదు. ఊరన్నాక ఊరేగా, అనుకున్నాను.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. డబ్లిన్ నుంచి కార్క్ నగరం సుమారు 260 కిలోమీటర్లు. కారైనా రైలైనా రెండున్నర గంటలు పడుతుంది. శనివారమే చేరడానికి ఒక కారణం ఉంది. అక్కడి ఇంగ్లిష్ మార్కెట్ ఆదివారాలూ, సెలవు రోజులూ తెరవరు. 1788 నుంచి నడుస్తున్న బజారది. 2011లో బ్రిటన్ రాణి ఎలిజబెత్ ఐర్లాండ్ వచ్చినప్పుడు ఇక్కడి చేపల కొట్టు ముందు నిలబడి నవ్విన ఫొటో పత్రికలన్నిట్లోనూ వచ్చింది. వచ్చిన టూరిస్టులందరూ తలెత్తి పైకప్పు చూస్తుంటే, మా అమ్మ మాత్రం వంగి చేపల మొప్పలు చూస్తోంది. కాకినాడ మనిషి కదా! కానాగంతల్లాంటి చేపలు ఐసు మీద వరసగా పేర్చి ఉన్నాయి. "ఇవి నిన్న రాత్రివే, బానే ఉన్నాయి" అని సర్టిఫికెట్ ఇచ్చేసింది. సాల్మన్ తలకాయ ఇస్తారేమో అడగమంది. కొట్టతను రెండు తలకాయలు తీసి కాగితంలో చుట్టి డబ్బులొద్దన్నాడు. ఇక ఆ రోజంతా అమ్మ దృష్టిలో కార్క్‌ని మించిన ఊరు లేదు.

పక్క కొట్లో నల్లగా, గొట్టంలా చుట్టి ఉన్న వస్తువు ఏమిటని అడిగింది. డ్రిషీన్ అంటారు, నెత్తురుతో చేస్తారని చెప్పి, ఏమంటుందోనని చూశాను. "అయితే ఏవైందే, మనూళ్ళో నెత్తురు కూర వండరా?" అంది తాపీగా.

అక్కణ్ణుంచి నదికి అవతల గట్టు మీదున్న షాండన్ వీధికి నడిచాం. అక్కడ 1722 నాటి సెయింట్ యాన్స్ చర్చి ఉంది. టవరెక్కి, తాడు లాగి మనమే గంటలు మోగించవచ్చు. ఊరంతా వినిపిస్తుంది. మా బుజ్జిగాడు పావుగంట సేపు ఊరివాళ్ళ సహనాన్ని పరీక్షించాడు. టవరుకి నాలుగు వైపులా గడియారాలున్నాయి. అవి ఒక్కోసారి ఒక్కో టైము చూపిస్తాయని ఊరివాళ్ళు దానికి నాలుగు ముఖాల అబద్ధాలకోరు అని పేరు పెట్టారు.

ఆ చర్చికి దగ్గర్లోనే వెన్న మ్యూజియం. "వెన్నకి మ్యూజియం ఏంటే" అని అమ్మ నవ్వింది గానీ, లోపలికెళ్ళాక గంట దాకా బయటికి రాలేదు. 1770లో ఇక్కడ మొదలైన వెన్న సంత ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్దదట. చుట్టుపక్కల పల్లెల రైతులు వెన్న తెస్తే నాణ్యత పరీక్షించి, తరగతి ముద్ర వేసి, చెక్క పీపాల్లో ఓడలకెక్కించేవాళ్ళు. వెస్టిండీస్ దాకా వెళ్ళేదట ఆ వెన్న. మనలో చాలామంది కెర్రీగోల్డ్ వెన్న కొని ఇంట్లో నెయ్యి కాచుకుంటాం కదా, దాని వెనక ఇంత పాత కథ ఉందని నాకూ తెలీదు. చెక్క కవ్వాలు చూసి మా అమ్మమ్మ కవ్వం సంగతి ఎత్తింది అమ్మ. ఆ కథ రాత్రి హోటల్ దాకా సాగింది.

ఆదివారం పొద్దున కోవ్. కార్క్ స్టేషన్ నుంచి లోకల్ రైలుంది, అరగంట కూడా పట్టదు. కారు హోటల్లోనే వదిలి రైలెక్కండి, నీళ్ళ పక్కనుంచి వెళ్ళే ఆ దారి చాలా బాగుంటుంది. 1849లో విక్టోరియా రాణి వచ్చి వెళ్ళాక ఈ రేవుకి క్వీన్స్‌టౌన్ అని పేరు పెట్టారు. ఇంగ్లిష్‌వాళ్ళ పాలన వదిలించుకునే రోజుల్లో మళ్ళీ కోవ్ అయింది. కొండవాలు మీద రంగు రంగుల ఇళ్ళు, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు ఉంటాయి. వాటి పైన ఆకాశంలోకి లేచిన సెయింట్ కోల్మన్స్ కథీడ్రల్. 1868లో మొదలుపెడితే పూర్తవడానికి యాభై ఏళ్ళకి కొంచెం తక్కువ పట్టింది. ఫొటోలు తీసుకునేవాళ్ళకి ఇది చాలు. మేమూ తీసుకున్నాం.

1912 ఏప్రిల్ 11న టైటానిక్ ఓడ చివరిసారి ఆగింది ఈ రేవు దగ్గరే. ఇక్కడ ఎక్కినవాళ్ళు 123 మంది. వాళ్ళు నడిచిన పాత చెక్క వంతెన మిగులు స్తంభాలు ఇప్పటికీ నీళ్ళలో కనిపిస్తాయి. టికెట్లమ్మిన ఆఫీసులోనే ఇప్పుడు టైటానిక్ ప్రదర్శన పెట్టారు. మూడేళ్ళ తర్వాత 1915 మేలో లూసిటానియా ఓడని జర్మన్ జలాంతర్గామి ముంచినప్పుడు శవాలు చేరిందీ ఈ ఒడ్డుకే. ఆ దుర్ఘటనలో సుమారు 1200 మంది పోయారు.

కానీ కోవ్ అసలు కథ మునిగిన ఓడలది కాదు, సవ్యంగా చేరిన ఓడలది. 1848 నుంచి 1950 లోపు ఐర్లాండ్ వదిలి వెళ్ళినవాళ్ళు 60 లక్షల పైచిలుకు. అందులో దాదాపు 25 లక్షల మంది ఈ ఒక్క రేవు నుంచే వెళ్ళారు. పాత రైల్వే స్టేషన్లో ఉన్న హెరిటేజ్ సెంటర్లో ఇదంతా వివరంగా చూపిస్తారు. దాని బయట ఒక విగ్రహం ఉంది. ఓ అమ్మాయి, పక్కన ఇద్దరు తమ్ముళ్ళు. ఆమె పేరు యానీ మూర్, కార్క్ పిల్ల. 1891 డిసెంబరులో ఇక్కడ ఓడెక్కి, 1892 జనవరి 1న న్యూయార్క్‌లో కొత్తగా తెరిచిన ఎలిస్ ఐలండ్‌లో అందరికంటే ముందు నమోదైంది. బహుమతిగా పది డాలర్ల బంగారు నాణెం ఇచ్చారు. అప్పటికి ఆమెకి పదిహేడేళ్ళు.

ఇదంతా గడగడా చెప్పేస్తుంటే అమ్మ ఆపింది. "వీళ్ళమ్మ ఏదీ?"

అమ్మానాన్నా ముందే న్యూయార్క్ వెళ్ళిపోయారు, పిల్లలు వాళ్ళ దగ్గరికే వెళ్తున్నారని చెప్పాను.

"పోన్లే, ఈ పిల్ల తల్లి దగ్గరికెళ్ళింది. మిగతా లక్షలమందో?"

మిగతావాళ్ళ సంగతి లోపల చదివాను. అమెరికా వెళ్ళే బిడ్డకి ముందు రోజు రాత్రి ఊరంతా చేరి వీడ్కోలు చెప్పేవాళ్ళట. దాన్ని అమెరికన్ వేక్ అనేవాళ్ళు. వేక్ అంటే ఇక్కడ చనిపోయినవాళ్ళ పక్కన రాత్రంతా కూర్చునే జాగారం. మళ్ళీ చూడబోమని తెలుసు కాబట్టి, బతికుండగానే ఆ జాగారం చేసేవాళ్ళన్నమాట. పాటలు, డాన్సులు, తెల్లారేసరికి ఏడుపులు.

అమ్మ బెంచీ మీద కూర్చుంది. "మా తాతయ్య తమ్ముడు రంగం వెళ్ళాడు తెలుసా" అంది. రంగం అంటే రంగూన్. కాకినాడ రేవు నుంచి స్టీమరెక్కి రంగం పోయిన గోదావరి జిల్లాలవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఆయన మొదట్లో మనియార్డర్లు పంపాడట. 1942లో జపాన్‌వాళ్ళు వచ్చినప్పుడు జనం అడవుల్లో పడి నడిచొచ్చారు. ఆయన రాలేదు. "మా ముత్తవ్వ ఆయనకి తద్దినం పెట్టనివ్వలేదే. వస్తాడేమో, అశుభం అనేది." ఇన్నేళ్ళలో ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదు.

కాసేపాగి, "నువ్వొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో నేను ఏడ్చానా?" అని అడిగింది.

"లేదు. ఆవకాయ సీసా ఏ పెట్టెలో పెట్టావని అడిగావు."

"ఇంటికెళ్ళాక ఏడ్చాన్లే" అని లేచింది.

మధ్యాహ్నం బ్లార్నీ. 1446 నాటి కోట. పైదాకా ఎక్కి, వెల్లకిలా వంగి ఒక రాయిని ముద్దు పెట్టుకుంటే వాక్చాతుర్యం వస్తుందంటారు. సెలవు రోజుల్లో దానికోసం చాలా సేపు క్యూలో నిలబడాలి. మాకేం, మాటలకి లోటు లేదు గనక మానేసి తోటల్లో తిరిగాం. తోటలు మాత్రం వదలొద్దు. షాపింగ్ ఇష్టమైనవాళ్ళకి పక్కనే బ్లార్నీ వూలెన్ మిల్స్ ఉంది. 1823 నాటి ఉన్ని మిల్లు అది. 1970లలో మిల్లు మూతపడ్డాక దుకాణంగా మార్చారు. ఆరాన్ స్వెట్టర్లు చూసేటప్పుడు చేతితో అల్లిందా, మెషీన్‌దా అని లేబుల్ చూసుకోండి. ధరలో చాలా తేడా ఉంటుంది. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి విజిటర్లుగా వచ్చినవాళ్ళు కొంటే వ్యాట్ వెనక్కి వచ్చే పద్ధతి ఉంది, బిల్లు వేసేటప్పుడే అడగాలి. అమ్మ తనకి ఏమీ కొనుక్కోలేదు. "కాకినాడలో ఉన్ని ఎందుకే, పెట్లో చిమ్మటలకా?" అంది. నాన్నకి మాత్రం ట్వీడ్ టోపీ ఒకటి తీసుకుంది. ఆయన పెట్టుకోరని అందరికీ తెలుసు.

సోమవారం పడమటికి వెళ్ళాం. కార్క్ ఐర్లాండ్‌లో అన్నిటికంటే పెద్ద కౌంటీ. నగరం చూసి వెనక్కి తిరిగితే సగం కూడా చూడనట్టే. ఆగస్టులో వెస్ట్ కార్క్ రోడ్ల పక్కన కంచెలన్నీ ఎర్రటి ఫ్యూషియా పూలు. రోడ్లు సన్నం. ఎదురుగా ట్రాక్టరొస్తే ఎవరో ఒకరు రివర్స్ చెయ్యాల్సిందే. కిన్‌సేల్‌లో నక్షత్రం ఆకారంలో కట్టిన చార్లెస్ ఫోర్ట్ ఉంది, టైము చాలక ఇంకోసారికి వాయిదా వేశాం.

స్కిబ్బరీన్ ఊరు దాటగానే అబ్బీస్ట్రూరీ శ్మశానం దగ్గర ఆగాం. 1845లో బంగాళాదుంప పంటకి తెగులు పట్టింది. ఆ కరువు ఏడేళ్ళు సాగి పది లక్షల మందిని మింగింది. అంతకు మించిన జనం దేశం వదిలారు. ఆ ఏడేళ్ళూ ఇక్కడి ధాన్యం, వెన్న ఓడలకెక్కుతూనే ఉన్నాయి. మొన్న మేం మురిసిపోతూ చూసిన వెన్న పీపాలు గుర్తొచ్చాయి. ఈ శ్మశానంలో పేరూ ఊరూ లేకుండా పూడ్చినవాళ్ళు ఎనిమిది నుంచి పదివేల మంది అంటారు. చూడ్డానికేమీ లేదు, పచ్చగడ్డి మాత్రమే. సాయం పంపినవాళ్ళలో మన కలకత్తావాళ్ళూ ఉన్నారు. తమ నేల పోగొట్టుకున్న అమెరికా ఆదివాసులు చొక్తాలు కూడా 1847లో 170 డాలర్లు పోగుచేసి పంపారు. కార్క్ దగ్గరి మిడిల్టన్‌లో వాళ్ళ జ్ఞాపకంగా తొమ్మిది ఉక్కు ఈకల శిల్పం పెట్టారు.

అక్కణ్ణుంచి ఒక గంట లోపు ప్రయాణంలో అహకిస్టా అనే చిన్న ఊరు. కార్క్ నుంచి నేరుగా వస్తే దాదాపు రెండు గంటలు. ఇక్కడికి కారు ఉంటేనే సుఖం. టూరిస్టు బస్సులు రావు. ప్రతి భారతీయుడూ ఒక్కసారైనా రావాల్సిన చోటిది అని నా అభిప్రాయం.

1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం మాంట్రియల్ నుంచి లండన్ మీదుగా ఢిల్లీ వెళ్తూ, ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో ఈ తీరానికి దూరంగా సముద్రం మీద బాంబు పేలి కూలిపోయింది. అందులో ఉన్న 329 మందీ పోయారు. ఎక్కువమంది కెనడాలో స్థిరపడ్డ మనవాళ్ళు. వేసవి సెలవులకి పిల్లల్ని తీసుకుని తాతయ్యల ఇళ్ళకి వెళ్తున్నారు. పిల్లలే ఎనభై మందికి పైగా ఉన్నారు. దొరికిన శరీరాలు 131. వాటిని కార్క్ ఆస్పత్రికి తెచ్చారు. గుర్తుపట్టడానికి వచ్చిన కుటుంబాలకి ఇక్కడి నర్సులూ, పోలీసులూ, ఊరివాళ్ళూ తోడుగా నిలిచారు. ఏడాది తిరిగేసరికి ఒడ్డున చిన్న తోట వేసి, రాతి సూర్యగడియారం నిలిపారు. ఇప్పటికీ ఏటా జూన్ 23న బంధువులు వస్తారు, ఊరివాళ్ళూ చేరతారు.

మేం వెళ్ళేసరికి ఎవరూ లేరు. అలలు కూడా మెల్లగా ఉన్నాయి. గోడ మీద పేర్లు చెక్కి ఉన్నాయి. అమ్మ కళ్ళజోడు సరిచేసుకుని ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టింది. ఒకే ఇంటిపేరు మూడుసార్లు, నాలుగుసార్లు వస్తున్నచోట వేలు పెట్టి ఆగుతోంది. బుజ్జిగాడు "అమ్మమ్మా, వీళ్ళంతా ఎవరు?" అన్నాడు. "నీలాగా అమ్మమ్మ ఇంటికి బయల్దేరినవాళ్ళు నాన్నా" అంది.

కుక్కని తిప్పుతూ వచ్చిన ఓ పెద్దావిడ మమ్మల్ని చూసి ఆగింది. మీవాళ్ళెవరైనా ఉన్నారా అని మెల్లగా అడిగింది. లేరు, చూడ్డానికొచ్చాం అన్నాను. తల ఊపి, వర్షం వచ్చేలా ఉంది, త్వరగా కారెక్కండి అని చెప్పి వెళ్ళింది. వర్షం నిజంగానే వచ్చింది. అమ్మ మాత్రం చివరి పేరు దాకా చదివాకే కదిలింది.

"మనం వెళ్ళే విమానం ఇటేనా బాబూ?" అని దారిలో మావారిని అడిగింది.

"కాదండీ అత్తయ్యగారూ, మనది దుబాయ్ మీదుగా తూర్పుకి."

డబ్లిన్ చేరేసరికి రాత్రి పదిన్నర. వారం తర్వాత అమ్మ ప్రయాణం. ముందు రోజు నాలుగు పాకెట్ల కెర్రీగోల్డ్ కాచి నెయ్యి చేసి, సీసాలో పోసి, మూతకి ప్లాస్టర్ చుట్టింది. నాన్నకి రుచి చూపించాలట. ఎయిర్‌పోర్టులో చెకిన్ దగ్గర ఏం మాట్లాడాలో తోచక, నెయ్యి సీసా ఏ పెట్టెలో పెట్టావని అడిగాను.