సన్నవేళ్ల పట్టు

గోదావరిఖని వైపు నుంచి ఒక పాఠకుడు అడిగారు: “మా ఊరి వెనక ఓబీ గుట్ట వాగు మీదికే వాలి ఉంది. చెట్లు నాటితే వానలకు జారకుండా ఆగుతుందా?” కొంతవరకు ఆగుతుంది. ఆ ‘కొంత’ ఎంతన్న దాని మీదే శాస్త్రవేత్తలు పాతికేళ్లకు పైగా కుస్తీ పట్టారు.

ఓపెన్‌కాస్టులో బొగ్గు మీదున్న మట్టీ రాయీ తవ్వి పోస్తే అదే ఓబీ గుట్ట. మన బొగ్గు గనుల నిబంధనల ప్రకారం దాని వాలు 37.5 డిగ్రీలు దాటకూడదు. మట్టి రేణువులు ఒకదాన్నొకటి నొక్కుకుని నిలబడతాయి, లాగితే మాత్రం విడిపోతాయి. లోపల నీరు నిండితే ఆ నొక్కుడూ సడలుతుంది.

వేరు ఆదుకునేది ఇక్కడే. పైపొర కదలబోతే, దాన్ని దాటి కిందికి దిగిన వేళ్లు బిగుసుకుని ఆ లాగుడును తాము మోస్తాయి. అందులోనూ మొనగాడు లావు వేరు కాదు, సన్నవేరు! మందానికి తగ్గ లెక్క చూస్తే సన్నవేరే గట్టిది. మిల్లీమీటరు మందమున్న వేరు చాలా జాతుల్లో కిలో, రెండు కిలోల బరువు మోస్తుంది. పైగా ఒక్క లావు వేరులోని పదార్థమే వంద సన్నవేళ్లయితే మట్టిని తాకే మేర ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఈ బలానికి లెక్క కట్టినవాళ్లు వాల్డ్రన్ (1977), టియెన్ వు (1979). వు అలాస్కాలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ద్వీపంలో, అడవి నరికిన కొండవాలులు ఎందుకు జారుతున్నాయో చూస్తూ ముచ్చటైన సూత్రం ఇచ్చారు: మట్టిలో వేళ్లు ఆక్రమించిన వంతును వాటి తెగుబలంతో, ఆపైన 1.2తో గుణిస్తే మట్టికి తోడయ్యే బలం వస్తుంది. అంతే! ఇంత పొట్టి సూత్రాన్ని ఎవరు వదులుకుంటారు? ఏళ్ల తరబడి అందరూ అదే వాడారు.

తిరకాసు ఏమిటంటే, వేళ్లన్నీ ఒకేసారి తెగుతాయని అందులో ఊహ. కొబ్బరి తాడు తెగడం చూసినవాళ్లెవరూ ఆ మాట ఒప్పుకోరు. ఒక పీచు తెగుతుంది, దాని బరువు మిగతావాటి మీద పడుతుంది, ఇంకోటి తెగుతుంది. 2005లో పొలెన్, సైమన్ ఏటి ఒడ్డుల వేళ్లను ఇలాగే ఒక్కొక్కటిగా తెంచుతూ లెక్క కట్టి, పాత సూత్రం బలాన్ని ఎక్కువ చేసి చూపిస్తోందని తేల్చారు.

ఇక ఉపయోగం సంగతి. వేళ్లలో ఎక్కువ భాగం పై మీటరు, రెండు మీటర్లలోనే ఉంటుంది. గుట్ట ఎత్తు పదుల మీటర్లు. పైపొర జారుడును వేళ్లు ఆపుతాయి, లోతు నుంచి వచ్చే జారుడు వాటికి అందదు. 1966లో వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో నీటి ఊట మీద పోసిన బొగ్గు గని వ్యర్థాల గుట్ట జారి 116 మంది పిల్లలతో సహా 144 మంది చనిపోయారు. అక్కడ ఏ చెట్టూ ఏమీ చేయలేకపోయేది. కాబట్టి ముందు నీటికి దారి తియ్యాలి, వాగు కోతకు గుట్ట అడుగు పోకుండా రాళ్లు పేర్చాలి. తర్వాత వట్టివేరు లాంటి గడ్డి, ఆపైన చెట్లు. మనవాళ్లేమో ముందు మొక్కలు నాటి, అదీ ఫొటోకు వీలుగా చదునైన పైభాగంలో నాటి, కాలువల సంగతి తర్వాత ఆలోచిస్తారు!

ఇంకొకటి. పెంచిన చెట్లను కలపకు నరికితే, జామాయిల్ మోడు చిగురిస్తుంది కాబట్టి వేళ్లు చాలావరకు బతుకుతాయి. చిగురించని జాతి అయితే వేళ్లు కొన్నేళ్లలో కుళ్లిపోతాయి. వాగు పక్కవాళ్లు భయపడాల్సింది నరికిన ఏడాది వానలకు కాదు, ఆ తర్వాతి ఏళ్ల వానలకు.