బాణం కన్నా ముందు చప్పుడు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో సెప్టెంబరు నడుమ జింకల విల్లు వేట మొదలవుతుంది. 1934లోనే విల్లుకంటూ విడిగా వేటకాలం కేటాయించిన రాష్ట్రం అది. మేనమామలు, తాతలు ఇంట్లో పిల్లల్ని వెంటబెట్టుకుని అడవికి వెళ్లడం అక్కడ ఆనవాయితీ. వేట శిక్షణ ఇంకా పూర్తికాని పిల్లలు పెద్దవాళ్ల చేతికందేంత దగ్గరగా ఉండాలని నిబంధన కూడా ఉంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. అమెరికా సంగతి వేరు. 1900 ప్రాంతంలో కొన్ని లక్షలకు పడిపోయిన తెల్లతోక జింకలు ఇప్పుడు దాదాపు మూడు కోట్లు ఉంటాయని అంచనా. తోడేళ్లు చాలాచోట్ల కనుమరుగయ్యాయి కాబట్టి జింకల సంఖ్యను అదుపులో ఉంచే పని ఎక్కువగా వేటగాళ్ల మీదే పడింది.

పిల్లవాణ్ని తీసుకెళ్లే మేనమామ ఇంటి దగ్గరే తేల్చుకోవలసిన లెక్క ఒకటుంది. వాడి చేతిలోని విల్లుతో జింక ఎంత దగ్గరికొస్తే బాణం వదలవచ్చు?

బాణం వదలగానే వింటినారి టప్పున మోగుతుంది. ఆ చప్పుడు సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. పెద్దవాళ్లు వాడే, కప్పీలున్న కాంపౌండ్ విల్లు నుంచి వెళ్లే బాణం వేగం 85 మీటర్లే. జింక 20 మీటర్ల దూరంలో ఉందనుకోండి. చప్పుడు 0.06 సెకనులో దాని చెవికి చేరుతుంది, బాణానికి 0.24 సెకను కావాలి. బెదిరిన జింక ఒక్క గెంతు గెంతాలంటే ముందు కాళ్లు మడిచి ఒంటిని కిందికి దించాలి. బాణాన్ని చూసి వంగిందని చాలామంది అనుకుంటారు, నిజానికి అది పరుగుకు సన్నాహం. చప్పుడు విని ఒళ్లు కదలడానికి సెకనులో పదోవంతు పోయినా, మిగిలిన 0.08 సెకనులో గురుత్వాకర్షణ ఆ ఒంటిని 3 సెంటీమీటర్లు కిందికి దించుతుంది. అంతవరకు పరవాలేదు. అదే జింక 40 మీటర్ల దూరంలో ఉంటే దిగేది 31 సెంటీమీటర్లు! దూరం రెట్టింపయితే తేడా పదిరెట్లయింది. కదలడానికి పోయే పదోవంతు సెకను మారదు కాబట్టి మిగిలే సమయం మూడు రెట్లకు పైగా పెరగడం, కిందికి పడే దూరం ఆ కాలం వర్గాన్ని బట్టి పెరగడమే కారణం. గుండె, ఊపిరితిత్తులు ఉన్నచోటు అడ్డుకొలత 20, 25 సెంటీమీటర్లకు మించదు.

ఇప్పుడు పన్నెండేళ్ల పిల్లవాడి విల్లు చూద్దాం. దాన్ని లాగడానికి తక్కువ బలం చాలు, అందుకే బాణం వేగమూ తక్కువే, 60 మీటర్లనుకుందాం. 20 మీటర్ల దూరంలోనే జింక 15 సెంటీమీటర్లు దిగిపోతుంది. సరిగ్గా నడిమికి గురిపెట్టినా బాణం ఊపిరితిత్తుల పైగా పోయి, జంతువు గాయంతో రోజుల తరబడి నరకయాతన పడవచ్చు. 15 మీటర్ల దగ్గరైతే ఆ తేడా ఐదారు సెంటీమీటర్లే. కాబట్టి మామకు సరిపోయే దూరం మేనల్లుడికి సరిపోదు. పిల్లవాడు ఎంత బతిమాలినా "వద్దు నాన్నా, దించెయ్" అని చెప్పగలిగినవాడే వాణ్ని అడవికి తీసుకెళ్లాలి.

దించకుండా కాసేపు ఆగే వీలు కూడా ఇప్పటి విళ్లకు ఉంది. మిస్సోరీకి చెందిన హోలిస్ విల్బర్ అలెన్ 1966లో పేటెంటుకు దరఖాస్తు చేసిన కాంపౌండ్ విల్లులో, చివరనున్న కప్పీలు పూర్తిగా లాగాక భారాన్ని తగ్గించేస్తాయి. 18 కిలోల బలంతో లాగిన నారిని, 80 శాతం భారం తగ్గించే విల్లయితే, మూడున్నర కిలోలతో నిలిపి ఉంచవచ్చు.

జింకను అంత దగ్గరికి రానివ్వాలంటే మన వాసనను మోసుకెళ్లే గాలిని కనిపెట్టాలి. ఉదయం ఎండకు వేడెక్కిన గాలి వాలు వెంట పైకి పాకుతుంది. సాయంత్రం చల్లబడి పల్లానికి జారుతుంది. అందుకే పొద్దున జింకల దారికి ఎగువన, సాయంత్రం దిగువన మాటు వేస్తారు. జింక కంట్లో రంగులను పట్టే కణాలు రెండే రకాలు. ఎరుపు, నారింజ దానికి మసకగా తోస్తాయి. నీలం మాత్రం బాగా తెలుస్తుంది. తెల్లదనం కోసం డిటర్జెంట్లలో కలిపే పదార్థాలు నీలికాంతిని వెదజల్లుతాయి కాబట్టి వాటితో ఉతికిన బట్టలు పనికిరావు.

చెట్టు మీద ఐదారు మీటర్ల ఎత్తున మంచె కట్టుకోవడం పెద్దల అలవాటు. పిల్లలకు నేల మీద గుడారమే మేలని నా అభిప్రాయం. అమెరికాలో మంచె మీంచి పడి ఎముకలు విరగ్గొట్టుకునే వేటగాళ్లు తక్కువేమీ కాదు. పైగా గుడారంలో పిల్లవాడు కాస్త అటూ ఇటూ కదిలినా జింక కంటపడడు.

ఇక మాంసం సంగతి. జింకల మెదడును తినేసే క్రానిక్ వేస్టింగ్ జబ్బు 2002లో విస్కాన్సిన్‌లో బయటపడింది. ప్రియాన్ అనే వంకర ప్రోటీను దానికి మూలం, వంటవేడికి అది చావదు. మనిషికి సోకినట్టు ఇప్పటిదాకా రుజువు లేదు. అయినా ఆ జబ్బున్న ప్రాంతాల్లో వేటాడిన జింకకు పరీక్ష చేయించాలని, జబ్బు తేలితే తినవద్దని అక్కడి ఆరోగ్యశాఖలు చెబుతున్నాయి. అమెరికాలో ఉంటున్న మన కుటుంబాలకు పొరుగువారు ప్రేమతో జింక మాంసం పంచి ఇస్తుంటారు. ఇచ్చినవారిని పరీక్ష ఫలితం అడగండి. అది వచ్చేదాకా పొయ్యి మీదికి ఎక్కించకండి.