పెద్దలకు తోడునడక

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. మన బడంగ్‌పేటలోనూ పెద్దల అడుగులు గడప దగ్గరే ఆగిపోయాయి. జూన్ 8 నుండి మందిరాలు తెరవడానికి అనుమతి వచ్చింది గాని, 65 ఏళ్లు దాటినవారు ఇంటిపట్టునే ఉండాలని ప్రభుత్వం సూచించింది. ఆరాధనకు నడిచి వెళ్లడం, దారిలో నలుగురినీ పలకరించడం — వారికి తెలియకుండానే జరిగే వ్యాయామమది. అదీ పోయింది. పైగా, “నీకెందుకమ్మా, కూర్చో” అని మనమే ప్రేమతో కట్టిపడేశాం.

కదలని కాళ్లు బలం కోల్పోతాయి. శక్తికొలది వారానికి కనీసం 150 నిమిషాల పాటు ఓ మోస్తరు శ్రమ పెద్దలకూ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు ఇరవై నిమిషాల పైచిలుకే కదా! “తాతా, నడుద్దాం రా” అని మనవడు చేయి పట్టుకుంటే చాలు, ఏ తాత కాదంటాడు? వీధి మూసినా వాకిలి ఉంది, డాబా ఉంది. లేనిదల్లా తోడే. ఈ సాయంకాలమే ఆ తోడు మీరు కండి.