గాలి మోయు బరువు

సంగారెడ్డి జిల్లాలోని సుల్తాన్‌పూర్ చెంతనుండి హైదరాబాదు బాహ్యవలయ రహదారి సాగిపోవుచున్నది. 158 కిలోమీటర్ల పొడవు గల ఆ రహదారిపై ద్విచక్ర వాహనములకు ప్రవేశము లేదు. కావున సుల్తాన్‌పూర్‌లోని వైద్య పరికరముల పార్కునకును, పటాన్‌చెరు కర్మాగారములకును మోటారు సైకిళ్ళపై పనికి పోవువారు ప్రక్కనున్న సర్వీసు రోడ్లను ఆశ్రయింపవలసినదే. షిఫ్టు మారు వేళ లారీల సరసన, ఇసుక పేరుకొన్న అంచుల మీదుగా ఆ బండ్లు బారులు తీరును. ఇంతటి బండిని, మనిషిని నేలకు అంటిపెట్టి యుంచునది, చక్రమునకు ఒక అరచేతి చొప్పున, రెండు అరచేతులంత రబ్బరు మాత్రమే. ఆ రబ్బరును నిలబెట్టునది గాలి.

ఆ బారులలో అప్పుడప్పుడు రూపు మార్చుకొన్న బండి యొకటి కనబడును. పాత బుల్లెట్టునకు వెడల్పైన వెనుక టైరు, పొడవైన ముందు ఫోర్కు, క్రిందికి దించిన సీటు, బరువైన ఇనుప పెట్టెలు అమర్చియుండును. యజమాని నెలల తరబడి జీతము కూడబెట్టి, ప్రతి బోల్టును తానే ఎంచుకొని చేయించుకొన్న బండి అది. అట్టి బండి పంచరు దుకాణము ముందు ఆగినప్పుడు జరుగు సంభాషణ మాత్రము రెండే మాటలు.

“అన్నా, ఎంత కొట్టాలె?”

“ముప్పై కొట్టు తమ్మీ.”

ఆ ముప్పై ఎక్కడినుండి వచ్చినది? అడిగినవానికిని తెలియదు, చెప్పినవానికిని తెలియదు. ఎవరో అనగా విన్నది, అలవాటైనది. అన్నింటిని ఏరి కోరి తెచ్చుకొన్నవాడు, తన ప్రాణమును మోయు గాలిని మాత్రము వినికిడికి వదలివేయుచున్నాడు.

చక్రములో గాలిని బంధింపవచ్చునను ఊహకు 1845లో రాబర్టు విలియం థాంసన్ పేటెంటు పొందెను. అది వాడుకలోనికి రాక మరుగుపడినది. 1887లో బెల్‌ఫాస్టు నగరమునందలి పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడు చక్రముల బండి కుదుపును తగ్గింపబోయి, అదే ఊహను తిరిగి కనుగొనెను. నాటినుండి బండి బరువును మోయు భారము గాలిపై పడినది. రబ్బరు ఆ గాలిని పట్టియుంచు సంచి వంటిది.

ఇందలి లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థికి అందునదే. చదరపు అంగుళమునకు 30 పౌండ్ల పీడనమనగా చదరపు సెంటీమీటరునకు సుమారు 2.1 కిలోలు. వెనుక చక్రముపై 168 కిలోల బరువున్నచో, స్థూలముగా 80 చదరపు సెంటీమీటర్ల మేర టైరు నేలకు ఆనును. వెనుక మరొకరు కూర్చుండుటచే ఆ చక్రముపై ఇంకొక 50 కిలోలు పడినచో, అదే గాలితో టైరు మరింత అణగి, 100 చదరపు సెంటీమీటర్లకు పైగా నేలను తాకవలెను. టైరు గోడల బిరుసుదనముచే ఈ అంకెలు కొంత మారును గాని, సంబంధము మారదు.

అణగిన టైరు తిరుగునప్పుడు దాని గోడలు క్షణక్షణము వంగి లేచుచుండును. తీగను పదేపదే వంచినచో వేడెక్కునట్లే, ఆ రబ్బరును వేడెక్కును. గాలి మిక్కిలి తక్కువైనచో ఆ వేడి టైరు లోపలి పొరలను విడదీయును. వేసవి మధ్యాహ్నపు రోడ్డు దానికి తోడగును. గాలి ఎక్కువైనచో నేలను తాకు మేర కుంచించుకొనిపోవును. నడుమ భాగమే అరుగును. గులకరాయిపై చక్రము గెంతును. బ్రేకు వేసినప్పుడు పట్టు తప్పును. కావున సరియైన గాలి యనునది ఈ రెండు ప్రమాదముల నడుమనున్న ఇరుకు త్రోవ.

బండిని తయారుచేసినవారు ఆ త్రోవను వెదకి, ముందు చక్రమునకు ఇంత, వెనుక చక్రమునకు ఇంత, ఇద్దరెక్కిన ఇంత యని నిర్ణయింతురు. ఆ అంకె ఆ బండికి, ఆ టైరునకు, ఆ బరువునకు మాత్రమే చెల్లును. చక్రము మార్చి, బరువు మార్చిన బండికి అది పాత ఇంటి చిరునామా వంటిది. టైరు ప్రక్కన అచ్చువేసిన పీడనమును చూచి అంత నింపువారును కలరు. అది టైరు ఓర్వగల గరిష్ఠ భారమును, దానికి వలయు పీడనమును తెలుపునది. బండికి తగిన కొలత యని భ్రమింపరాదు.

మరి మార్గమేమి? మొదటిది తూకము. పాత ఇనుము కొనువారి దుకాణములలో నేలకాటా ఉండును. ఒక చక్రమును కాటాపై నిలిపి, రెండవదానిని అంతే ఎత్తుగల పలకపై నుంచి, మనిషి కూర్చుండగా తూచి, పిదప చక్రములను మార్చి తూచవలెను. రెండవది టైరుపై నుండు భారసూచిక. 57 అను అంకెకు 230 కిలోలు, 66కు 300 కిలోలు హద్దు. తూకము ఆ హద్దును మించినచో ఎంత గాలి నింపినను ప్రయోజనము లేదు, టైరునే మార్చవలెను. మూడవది, టైరు తయారీదారుల పట్టికలో ఆ బరువునకు చూపిన పీడనమును, బండి కదలకమునుపు, చల్లని టైరులో నింపుట.

నాల్గవది పరీక్ష. ఇరువది నిమిషములు మామూలు వేగమున నడిపి వెంటనే మరల కొలువవలెను. పీడనము సుమారు నూటికి పదివంతులు పెరుగుట తగినదని అనుభవజ్ఞుల స్థూలసూత్రము. ఇందులో భౌతికశాస్త్రము దాగియున్నది. గేజిలో 30 చూపినప్పుడు, వాతావరణ పీడనము 15 కలుపగా మొత్తము 45. లోపలి గాలి 27 డిగ్రీల నుండి 47 డిగ్రీలకు వేడెక్కినచో, పరమ ఉష్ణోగ్రత 300 నుండి 320కి పెరిగినట్లు. అప్పుడు 45 కాస్తా 48 అగును. గేజి 33 చూపును. పెరుగుదల సరిగా నూటికి పది! అంతకు మిక్కిలిగా పెరిగినచో గాలి తక్కువై టైరు అధికముగా వంగుచున్నదని గ్రహించి, చల్లారిన పిమ్మట కొంచెము పెంచవలెను. అంతగా పెరగనిచో కొంచెము తగ్గింపవచ్చును. కాని పట్టిక చెప్పిన కనీసమునకు దిగువకు పోరాదు. వేడిమీదనున్న టైరులో అంకె ఎక్కువ చూపినదని గాలి తీసివేయుట పెద్ద పొరపాటు.

బండి రూపు మార్చుటకు చట్టమును హద్దు విధించినది. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్దేశములకు భిన్నమైన మార్పులను నిషేధించుచున్నది. 2019లో సర్వోన్నత న్యాయస్థానము దానిని స్థిరపరచినది. దాని వెనుకనున్న నీతి స్పష్టమే. తయారీదారుని లెక్కను చెరిపినవాడు, ఆ లెక్కను తానే తిరిగి కట్టవలసిన బాధ్యతను నెత్తికెత్తుకొనుచున్నాడు. పొరపాటునకు మూల్యము వెనుక సీటుపై నమ్మకముతో కూర్చున్న తల్లియో, బిడ్డయో చెల్లింపవలసి రావచ్చును.

ఈ జిల్లాలోనే, సదాశివపేట వద్ద ఎం.ఆర్.ఎఫ్. వారి టైర్ల కర్మాగారము గలదు. అచ్చట రబ్బరు పాళ్ళను, పొరల మందమును కొలిచి కొలిచి టైరును తీర్చుదురు. అంత కొలతతో పుట్టిన వస్తువులో అంచనాతో గాలి నింపుట వింతయే కదా! పాఠశాలలో సైకిలు చక్రమునకు సిరా పూసి, గ్రాఫు కాగితముపై దించి, పడిన ముద్రలోని గడులను పిల్లలచేత లెక్కింపజేయవచ్చును. గాలి తగ్గించిన కొలది ముద్ర పెరుగుట కంటితో చూచిన విద్యార్థి, రేపు తన మోటారు సైకిలును పంచరు దుకాణము ముందు నిలిపినప్పుడు, వినికిడి అంకెను చెప్పడు. గేజిని అడిగి పుచ్చుకొనును.